నాలుగో అంతస్తులో క్యాబేజీ ఆకులు

అమెరికాలో మేముండే క్యారీలో ఎవరింట్లో పార్టీ జరిగినా, భోజనాలయ్యాక మా ఆయన తప్పకుండా చెప్పే కథ ఒకటుంది.

"మా మేడమ్ ఈఈఈ చదివింది, తెలుసా? ఫస్ట్ క్లాస్ విత్ డిస్టింక్షన్! అమెరికాల కొన్న పంప్‌ని తీస్కపోయి టూ ట్వంటీ వోల్ట్స్ ప్లగ్గుల పెట్టింది. ఢామ్!" అని రెండు చేతులూ గాల్లోకి విసురుతాడు.

ఏ పంపో ఆడవాళ్లకి చప్పున తెలిసిపోతుంది. మగవాళ్లు ప్లేట్లలోకి చూస్తూ నవ్వుతారు. ఎవరో ఒకరు "అయ్యో, పాలు ఎండిపోయాయా పాపం" అని నా చెయ్యి పట్టుకుంటారు. నేను తలూపుతాను. మా వాడు ఆ పక్కనే పిల్లలతో బంతి కోసం కొట్టుకుంటూ ఉంటాడు. వాడికిప్పుడు నాలుగేళ్లు. అక్కడితో కథ అయిపోతుంది, ఎవరో గులాబ్ జామూన్ తెస్తారు.

కథ అక్కడితో అయిపోలేదు. మిగతాది నేను ఎవరికీ చెప్పలేదు.

వాడికి అప్పుడు తొమ్మిదో నెల. ఇండియాలో మా చెల్లి పెళ్లి కుదిరింది. అమెరికాలో ఉన్నంతకాలం వీసా ముద్ర లేకపోయినా, కాగితాలు సరిగ్గా ఉంటే ఉద్యోగం చేసుకోవచ్చు. ఒకసారి బయటికి వెళ్లామా, పాస్‌పోర్టులో కొత్త ముద్ర లేనిదే లోపలికి రానివ్వరు. మా ఆయనకి ఆ పని అంతకుముందే అయిపోయింది. నాకు కాలేదు. ఇండియాలో ఇంటర్వ్యూ తేదీలు ఏడాది దాకా లేవు. ఇలాంటప్పుడు మనవాళ్లంతా చేసే పనే నేనూ చేశాను, ఫోన్‌లో స్టాంపింగ్ గ్రూపు తెరిచాను.

అందులో ఎవరో పెట్టారు. మధ్య ఆసియాలో ఫలానా ఊళ్లో స్లాట్లు ఖాళీగా ఉన్నాయి, జనం లేరు, మూడు ప్రశ్నలు, రెండు నిమిషాలు, ఫోర్ డేస్‌లో పాస్‌పోర్ట్ చేతిలో. కింద నలభై చప్పట్ల బొమ్మలు. ఆ ఊరి పేరు ఇక్కడ రాయను. ఆ ఊరు నాకు ఏ అపకారమూ చేయలేదు.

ముందు నేనొక్కదాన్నే వెళ్లి ముద్ర వేయించుకుని వచ్చి, తర్వాత బాబుని తీసుకుని పెళ్లికి వెళ్లాలని పథకం. వాడి పాస్‌పోర్టు ఇంకా రాలేదు కాబట్టి వెంట తీసుకెళ్లే వీలు లేదు. వాడు ఇంకా నా పాలే తాగుతున్నాడు. సీసా అంటే మొహం తిప్పుకునేవాడు. నెల రోజుల ముందునుంచీ పాలు తీసి సంచుల్లో పోసి, తేదీలు రాసి, ఫ్రీజర్ నింపాను. వారానికి సరిపడా ఉన్నాయి. ఆ వారం రోజులూ అక్కడ నేను పంపుతో తీసేస్తూ ఉంటే పాలు నిలబడతాయి, తిరిగొచ్చి వాడిని మళ్లీ ఎత్తుకోవచ్చు. నేను వేసుకున్న లెక్క ఇంతే. ఎయిర్‌పోర్టులో ఒక పెద్దావిడ నా మొహం చూసి, "నాలుగు రోజులేగా అమ్మా" అంది. నాలుగు రోజులే కదా అని నేనూ అనుకున్నాను.

హోటల్ పాతకాలపు అయిదంతస్తుల భవనం. నా గది నాలుగో అంతస్తు. లిఫ్టు ఉంది, దాని మీద ఒక కాగితం అతికించి ఉంది. కాగితం మీద ఏం రాశారో చదవలేకపోయినా అర్థమైంది. గదిలో ఒక సన్నటి మంచం, గోధుమ రంగు తివాచీ, కిటికీ కింద ఇనుప గొట్టాల హీటరు. ఊళ్లో అందరికీ ఒకేరోజు వేడి వదులుతారట, ఆ రోజు ఇంకా రాలేదు. కిటికీలోంచి చూస్తే వెనక పెరడు, పెరట్లో ఒక ఆపిల్ చెట్టు, చాలా దూరాన మంచు కొండలు. కొండలు చూడ్డానికి బాగున్నాయి. నేను కొండల కోసం రాలేదు.

ఆ సాయంత్రమే మా ఆయన చెప్పే కథ జరిగింది. మా కాలనీలో ఒకావిడ వాడి ఇచ్చేసిన పాత పంపు అది. ఇండియాకి వెళ్లేటప్పుడు తీసుకెళ్లే ప్లగ్గు ముక్క తగిలించి గోడకి పెట్టాను. ప్లగ్గు సరిపోతే కరెంటు కూడా సరిపోతుందని ఏ ఇంజినీరూ అనుకోకూడదు. ఈఈఈ చదివి వెంటనే సాఫ్ట్‌వేర్‌లో పడ్డ మా తరం ఇంజినీర్లు మాత్రం అనుకుంటారు. ఢామ్ అని ఏమీ అనలేదు. చిన్నగా టిక్ అంది, ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఊళ్లో కొత్తది దొరుకుతుందేమో అని అడిగాను. దొరికిన ఒక్కటీ చేత్తో నొక్కే రబ్బరు బుడ్డి, రెండో రోజుకే పగిలింది. నాలుగు రోజులే కదా, చేత్తో లాగిద్దాం అనుకున్నాను.

ఇంటర్వ్యూలో అమెరికా వీసా అధికారి మూడు ప్రశ్నలే అడిగాడు, గ్రూపులో చెప్పినట్టే. ఏం పని చేస్తారు అన్నది మూడోది. మందుల కంపెనీలో డేటా చూస్తాను అని ఊరుకుంటే సరిపోయేది. కానీ చిన్నప్పటినుంచీ వైవాల్లో నిలబడ్డ ప్రాణం నాది. అడిగినదానికి అడిగినంతే చెబితే మార్కులు పోతాయని మా మాస్టార్లు మెదడులోకి ఎక్కించారు. అయిదు నిమిషాలు చెప్పాను. మోడళ్ల గురించి చెప్పాను, పేషెంట్ల వివరాలు ఎలా కాపాడతామో చెప్పాను, ఆయన అడగని అల్గారిథమ్ ఒకటి వేళ్లతో గాల్లో గీసి చూపించాను. అద్దం వెనక ఆయన మర్యాదగా వింటూ టైప్ చేస్తూ పోయాడు. చివరికి పాస్‌పోర్టు తన దగ్గరే ఉంచుకుని ఒక కాగితం ఇచ్చాడు. ఇంకా పరిశీలించాలి, ఎన్నాళ్లో చెప్పలేం అని ఉంది దాని మీద.

గ్రూపులో పెడితే అందరూ ఒకటే అడిగారు, ఏ రంగు కాగితం అని. తెలుపు అన్నాను. "వైట్ అయితే ఓకే అక్కా, టూ వీక్స్ మ్యాక్స్" అన్నాడొకడు. "మా బావమరిదికి వైటే ఇచ్చారండీ, సెవెన్ మంత్స్ అయింది" అన్నాడు ఇంకొకడు. కాగితం రంగు చూసి జాతకం చెప్పే జ్యోతిష్కులు మా గ్రూపు నిండా ఉన్నారు. పాస్‌పోర్టు లేదు కాబట్టి అమెరికాకి వెళ్లలేను, ఇండియాకీ వెళ్లలేను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

నాలుగో రోజుకి జ్వరం వచ్చింది. రొమ్ములు రాళ్లలా గడ్డకట్టాయి. చెయ్యి ఎత్తితే ప్రాణం పోయేది. పాలు తీద్దామని కూర్చుని నాలుగు చుక్కలకే ఏడ్చేశాను.

మా అంతస్తుకి ఒక ఆవిడ ఉండేది. అరవై ఏళ్లుంటాయి, తలకి పూల రుమాలు, నవ్వితే రెండు బంగారు పళ్లు. మెట్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని తాళాలు ఇచ్చి పుచ్చుకోవడం, తువ్వాళ్లు మార్చడం ఆవిడ పని. ఆ రోజు తువ్వాలు కోసం వచ్చి, తలుపు దగ్గరే నిలబడి నన్ను చూసింది. తడిసిన చొక్కా చూసింది.  వెళ్లి ఒక క్యాబేజీ తెచ్చింది. ఆకులు విడదీసి, ఈనెలు చపాతీ కర్రలాంటి దాంతో నలిపి, చల్లగా ఉన్నవాటిని తన చేత్తోనే నా చొక్కా లోపల రొమ్ముల మీద పెట్టింది. మా అమ్మ తప్ప ఇంకెవరూ నన్ను అలా ముట్టుకోలేదు. సిగ్గుపడే ఓపిక కూడా లేదు నాకు. తర్వాత వేడి నీళ్లలో ముంచిన తువ్వాలు వేసి, బొటనవేలు ఎక్కడ పెట్టి ఎలా నొక్కాలో చూపించింది. అరగంటకి గ్లాసులోకి పాలు సన్నటి ధారగా పడ్డాయి.

ఇద్దరం ఫోన్‌లో మాట్లాడుకున్నాం. ఆవిడ వాళ్ల భాషలో అంటే ఫోను ఇంగ్లిష్‌లో చూపించేది. నలుగురు పిల్లల్ని పెంచిందట, ఏ యంత్రమూ లేకుండా. తర్వాత వేలు చూపిస్తూ ఒక మాట రెండుసార్లు చెప్పింది. ఆకు నొప్పి ఉన్నంతవరకే, నొప్పి తగ్గాక తీసెయ్యాలి. ఎక్కువ పెడితే పాలు వెళ్లిపోతాయి.

ఈ మాట నాకు అప్పుడే స్పష్టంగా తెలుసు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ రోజునుంచి రోజుకి అయిదుసార్లు చేత్తో తీసేదాన్ని. సింకులో పారబోస్తున్నానని ఫోన్‌లో అంటే మా అమ్మ విలవిల్లాడింది. "పిచ్చిదానా, సింకులో పొయ్యకే! ఎవరూ తొక్కని చోట, ఏదైనా చెట్టు మొదట్లో పొయ్యి. లేకపోతే పాలు నిలబడవు" అంది. నేను డేటా చూసి బతికే మనిషిని, ఇలాంటివి నమ్మను. నమ్మకపోయినా గ్లాసు పట్టుకుని నాలుగంతస్తులు దిగి ఆపిల్ చెట్టు మొదట్లో పోసి, మళ్లీ ఎక్కేదాన్ని. రోజుకి అయిదుసార్లు. మొదటిసారి చూసినప్పుడు స్టూలు మీద ఆవిడ కిటికీలోంచి తొంగి చూసి, తర్వాత నాతో పాటు దిగి వచ్చి, రాలిన ఆకులు కాలితో పక్కకి నెట్టి చోటు చేసింది. వాళ్లలో అలాంటి ఆచారం ఉందో లేదో నేను అడగలేదు, ఆవిడ నన్ను ఎందుకని అడగలేదు.

రెండు వారాలు అయింది, మూడు అయింది. ఆఫీసులో సెలవు పొడిగించారు. రోజూ పొద్దున్నే వెబ్‌సైట్‌లో నా నంబరు కొట్టి చూసేదాన్ని. "రిఫ్యూజ్డ్" అని ఉండేది. పరిశీలనలో ఉన్నా అక్కడ అలాగే చూపిస్తుందని, భయపడాల్సిన పని లేదని గ్రూపులో చెప్పారు. రోజూ పళ్లు తోముకోకముందే ఆ మాట చూస్తే భయం కాదు, ఒంట్లోంచి ఏదో తోడేసినట్టు ఉండేది. అల్పాహారానికి ఉడకబెట్టిన గుడ్డు, రొట్టె, నల్లటి టీ. రాత్రికి కూడా అదే. అక్కడ వైద్యం చదివే మన పిల్లల కోసం ఎవరో మెస్ నడుపుతున్నారని తెలిసి ఒకసారి వెళ్లాను. పప్పుచారు తింటూ అందరి ముందూ ఏడుపొచ్చింది. మళ్లీ వెళ్లలేదు.

సాయంత్రం అయిదింటికి క్యారీలో పొద్దున్న ఎనిమిది. అప్పుడు వీడియో. గదిలో సిగ్నల్ రాదు, మెట్ల దగ్గర ఆవిడ స్టూలు మీద కూర్చునేదాన్ని, ఆవిడ లేచి గోడకి ఆనుకునేది. మా ఆయన ఫోను వాడి ముందు పెట్టేవాడు. మొదట్లో వాడు తెరని నాలుకతో తడిమేవాడు. ఫ్రీజర్‌లో సంచులు తొమ్మిదో రోజుకి ఒక్కటి తప్ప అయిపోయాయి. "ఆఖరి సంచి అట్లనే ఉంచిన. నువ్వొచ్చినాక నువ్వే ఇయ్యి" అన్నాడు మా ఆయన. తర్వాత డబ్బా పాలు. వాడికి కింద రెండు పళ్లు వచ్చాయి, పాకడం వచ్చింది. నాకు ఫోన్‌లో తెలిసింది.

ఆరో వారంలో చెల్లి పెళ్లి. ముహూర్తం నేనున్న ఊళ్లో పొద్దున్న పది గంటలకి పడింది. స్టూలు మీద కూర్చుని చూశాను. మా బాబాయి కొడుకు ఫోను పట్టుకుని జనంలో తిరుగుతున్నాడు, ఎక్కువగా కనబడింది పందిరి కప్పే. జీలకర్రబెల్లం పెట్టేటప్పుడు ఫోను సరిగ్గా వాళ్ల మీదికి తిరిగింది. మా చెల్లి తల ఎత్తి కెమెరా కోసం వెతికింది. తలంబ్రాలు పోసుకుంటుంటే నా వెనక నిలబడి చూస్తున్న ఆవిడ చప్పట్లు కొట్టింది. నేనూ నవ్వాను.

ఆ రోజే సాయంత్రం మామూలుగా వీడియో. వాడు మా ఆయన ఒళ్లో పడుకుని సీసా రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. పిలిచాను. ఒక కన్ను ఇటు తిప్పి చూసి, మళ్లీ సీసాలోకి తిప్పేసుకున్నాడు.

"మంచిగనే తాగుతుండు ఇప్పుడు. అస్సలు అడుగుతలేడు. నువ్వు ఫికర్ చేయకు, హాయిగా రెస్ట్ తీసుకో" అన్నాడు మా ఆయన. నన్ను ఓదార్చడానికే అన్నాడు.

నాకు కోపం వచ్చింది. మా ఆయన మీదా, అద్దం వెనక ఆయన మీదా, చప్పట్ల బొమ్మలు పెట్టిన నలభై మంది మీదా వచ్చింది. ఎక్కువగా వాడి మీద వచ్చింది. తొమ్మిది నెలల బిడ్డ మీద, అప్పటికి పదకొండో నెల అనుకోండి, ఒక తల్లికి అంత కోపం వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. నీకు అక్కర్లేనిది నాకెందుకురా అనుకున్నాను. నీకోసం నేను రోజుకి అయిదుసార్లు నాలుగంతస్తులు దిగుతున్నాను, చేతి వేళ్లు వాచిపోయాయి, నువ్వు సీసా పట్టుకుని చూపు తిప్పుకుంటావా? ఇంకో నిజం కూడా ఉంది. నేను అలిసిపోయాను. అది ఆగిపోతే రాత్రి పూర్తిగా నిద్రపోవచ్చు అనిపించింది. ఎన్నాళ్లు ఉండాలో తెలియని చోట, ఒంటికి నొప్పి లేకుండానైనా ఉండాలనిపించింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ దగ్గరికి వెళ్లి ఫోన్‌లో క్యాబేజీ బొమ్మ చూపించాను. నొప్పా అన్నట్టు గుండెల మీద చెయ్యి పెట్టుకుంది. అవునని తలూపాను.

ఆవిడ పాపం బజారుకి వెళ్లి పెద్ద క్యాబేజీ కొనుక్కొచ్చింది. రోజుకి మూడుసార్లు ఆకులు మార్చింది. రెండో రోజు చాలు, ఇక తీసెయ్యి అంది. ఇంకా నొప్పిగా ఉందని మొహం పెట్టాను. డాక్టర్ని పిలుస్తానంది. వద్దన్నాను. ఆవిడ వెళ్లాక చున్నీ మడతపెట్టి, ఊపిరి ఆడనంత గట్టిగా ఛాతీకి బిగించి కట్టుకున్నాను. మా వైపు బిడ్డ పోయిన తల్లికి పాలు ఇగరడానికి మల్లెపూలు కడతారు. మా పక్కింటి పిన్నికి కట్టడం చిన్నప్పుడు నేను చూశాను. చున్నీ ముడి వేస్తుంటే అదే గుర్తొచ్చింది. నా బిడ్డ క్యారీలో సీసా పట్టుకుని దిట్టంగా ఉన్నాడు. అయినా ముడి విప్పలేదు.

నాలుగు రోజులు నేను పెరట్లోకి దిగలేదు. నాలుగో రోజుకి గట్టిగా నొక్కినా ఏమీ రాలేదు. ఆ రాత్రి నిజంగానే బాగా నిద్రపట్టింది.

అయిదో రోజు పొద్దున్న మెయిల్ వచ్చింది. పరిశీలన పూర్తయింది, పాస్‌పోర్టు వచ్చి తీసుకోవచ్చు అని.

నేను ఆ మెయిల్ మెట్ల మీద కూర్చుని చదివాను. తర్వాత గదిలోకి వెళ్లి చున్నీ విప్పి, వేడి నీళ్ల తువ్వాలు వేసుకుని, ఆవిడ నేర్పినట్టే బొటనవేలు పెట్టి నొక్కాను. అలా రెండు గంటలు. బజారంతా తిరిగి మెంతులు వెతికాను, గుప్పెడు దొరికితే పచ్చివే నమిలాను. మూడు రోజుల తర్వాత విమానం. ఆ మూడు రోజులూ నొక్కుతూనే ఉన్నాను. గ్లాసు అడుగు కూడా తడవలేదు.

నా పాలు ఆగాయని మాత్రం ఆవిడకి అర్థమైంది. దిగులుకి ఆగిపోయాయి అనుకుంది. పాలు పోసిన టీ పెద్ద గిన్నెలో తెచ్చి తాగించింది. బయల్దేరే రోజున ఒక సంచి నిండా అక్రోట్లు చేతిలో పెట్టి, ఫోన్‌లో ఏదో అంది. ఇవి తింటే పాలు పడతాయి, బిడ్డ నోరు తగిలితే మళ్లీ వస్తాయి, భయపడకు అని చూపించింది ఫోను. నన్ను కావిలించుకుని తల నిమిరింది. నేను ఆవిడకి నిజం చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

క్యారీ పక్కనే ఉన్న ర్యాలీ ఎయిర్‌పోర్టులో మధ్యాహ్నం దిగాను. మా ఆయన వాడిని ఎత్తుకుని నిలబడ్డాడు. వాడు నన్ను చూసి ముందు మొహం తండ్రి భుజంలో దాచుకున్నాడు. మర్చిపోయాడు, మంచిదే అనుకున్నాను. మర్చిపోతే నేను చేసింది తప్పు కాదు కదా.

పార్కింగ్‌లో కారు వెనక సీట్లో కూర్చుని వాడిని ఒళ్లోకి తీసుకున్నాను. రెండు నిమిషాలు నన్ను తేరిపార చూశాడు. నా మెడ దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. అంతే, రెండు చేతులతో నా కుర్తా మెడ పట్టుకుని కిందికి లాగడం మొదలుపెట్టాడు.

"అరె, మర్చిపోలేదే వీడు!" అని మా ఆయన స్టీరింగ్ మీద చరిచాడు. ఆ సంతోషంలో దాచిపెట్టినదంతా బయటపెట్టేశాడు. "నీకొకటి చెప్పలే. రోజూ నీ నైటీ పట్టుకునే పడుకునేటోడు వీడు. మూడు వారాలు రాత్రిళ్లు మస్తు ఏడ్చిండు. నీకు చెప్తే నువ్వు అక్కడ ఏడుస్తవని, అడుగుతలేడని చెప్పిన."

నేను గుండీలు విప్పాను. వాడు కళ్లు మూసుకుని ఆబగా పట్టుకున్నాడు. పీల్చాడు. ఆగి, మళ్లీ పీల్చాడు. వదిలేసి నా మొహంలోకి చూశాడు. నేను రెండో వైపు ఇచ్చాను. అక్కడా పీల్చి, కొత్తగా వచ్చిన పళ్లతో కొరికి, వదిలేసి, నన్ను చూస్తూనే ఏడుపు అందుకున్నాడు. ఇంటికెళ్లాక ఆ ఆఖరి సంచి కరిగించి సీసాలో పోసి ఇచ్చాను. తాగాడు. తర్వాత వారమంతా ప్రయత్నించాను, అక్రోట్లన్నీ తిన్నాను. వాడు పడుకునేటప్పుడు ఆ పాత నైటీనే పట్టుకునేవాడు, నేను పక్కనే ఉన్నా.

కానీ ముందు ఆ కారులో, వాడు ఏడుస్తుంటే మా ఆయన వెనక్కి తిరిగి, ఒక చెయ్యి నా మోకాలి మీద వేశాడు.

"ఏడ్వకు. పంప్ కాలిపోయె. దాంట్ల నీ తప్పేమున్నది?" అన్నాడు.

"అవును, పంప్ కాలిపోయింది" అన్నాను.